కానాగంతల పరీక్ష

వన్ టౌన్, విశాఖపట్నం
ఫిబ్రవరి 9

ఒరే హెన్రీ,

మొన్న నీ వీడియో కాల్ చూశాను. అంటే, నోరు తెరుచుకుని కదలకుండా ఆగిపోయిన నీ మొహాన్ని కాఫీ చల్లారేదాకా చూశాను. మీ పల్లెటూళ్లో సిగ్నల్ ఉండదని తర్వాత మెసేజ్ పెట్టావు. ఇక్కడ హార్బర్‌లో చేపల వేలం పాట నడిపే మా పోతమ్మ సముద్రంలో ఉన్న మొగుణ్ణి ఒడ్డున నిలబడి ఫోన్లో తిడుతుంది, ఒక్క తిట్టూ తెగిపోదు. ఇంగ్లాండ్‌కి ఏం రోగం? అందుకే ఉత్తరం రాస్తున్నాను. పైగా ఫోన్లో నువ్వు పాస్టరు గొంతు పెడతావు. కాగితం మీద ఆ బాధ లేదు.

అసలు సంగతికి వస్తాను. హార్బర్ దగ్గర మన చర్చివాళ్ల పాత హాలు ఉంది కదా, నేను రిటైరయ్యాక సాయంత్రాలు బడి నడుపుతున్న హాలు. దాన్ని లాక్కోడానికి చూస్తున్నారు.

కమిటీకి కొత్త ట్రెజరర్ వచ్చాడు. సుందర్ రాజ్ అని, గోదావరి మనిషి, స్టీల్‌ప్లాంట్‌లో పెద్ద ఉద్యోగం చేసి దిగాడు. మే నెల ఎండలో కూడా కోటు వేసుకుని గుడికి వస్తాడు. ఆయనకి ఆ హాలు చూసిన దగ్గర్నుంచీ నిద్ర లేదు. టైల్స్ వేయించాలట, ఏసీ పెట్టించాలట, పుట్టినరోజు ఫంక్షన్లకి అద్దెకివ్వాలట. మరి పిల్లలో అంటే, "పగలు గవర్నమెంటు బడికి వెళ్తున్నారు కదండీ, మళ్లీ సాయంత్రం ఎందుకండీ?" అన్నాడు. పగటి బడిలో ఐదో తరగతికి వచ్చి ఒక్క వాక్యం చదవలేని పిల్లలు నా దగ్గరికి వస్తున్నారని చెప్పాను. వాళ్ల తల్లులు తెల్లారకముందే చేపల పాటకి వెళ్లిపోతారు, తండ్రులు బోటు మీద ఉంటారు, ఇంట్లో 'అ' అంటే 'ఆ' అనేవాళ్లు లేరని చెప్పాను. వినడం అయిందనిపించి, చివరికి ఒక తీర్మానం చేశారు.

జూన్ మూడో శనివారం పొద్దున సుందర్ రాజ్ గారు స్వయంగా వచ్చి ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ చదివిస్తారు, రాయిస్తారు, లెక్క చేయిస్తారు. సగంమందికి పైగా పాసైతే ఇంకో ఏడాది హాలు మాది. లేకపోతే ఆ రోజే తాళం చెవి ఆయన చేతిలో పెట్టాలి. బడికి పరీక్ష పెట్టి అద్దె తేల్చే ఆలోచన ఆయన బుర్రలో పుట్టిందంటే నేను నమ్మను. ఎవరో చెప్పి ఉంటారు.

పోతమ్మ మనవరాలు హరిచందన వచ్చినప్పుడు తన పేరే గుర్తుపట్టేది కాదు. ఇప్పుడు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇసక పళ్లెంలో రాయిస్తోంది. మొత్తం మీద ఇరవైమంది దాకా ఉన్నారు. కొందరు గట్టివాళ్లు, కొందరు ఉత్త అల్లరి. చింటూ అని ఒకడున్నాడు, వాడికి నోరు తప్ప ఇంకేమీ లేదు.

నవ్వులాటకి రాస్తున్నాననుకోకు. ఆ హాలు పోతే సాయంత్రం నాలుగయ్యాక నేనేం చెయ్యాలో నాకు తెలియదు. భయంగా ఉంది.

నీ అక్క,
ప్రేమలీల

*

థార్న్‌వెల్, ఇంగ్లాండ్
మార్చి 3

ప్రియమైన అక్కకి, వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను, చివరి పేరా దగ్గర ఆపాను. ప్రార్థన చేస్తున్నాను. నువ్వు నమ్మవు గానీ నిజంగానే చేస్తున్నాను.

ఇక్కడ నా సంగతి వింటే నీకు కాస్త ధైర్యం వస్తుంది. నాకు ఐదు ఊళ్లు, ఐదు గుళ్లు అప్పగించారు. ఈ ఊరి గుడికి ఆదివారం వచ్చేది ఏడుగురు ముసలమ్మలు, ఒక కుక్క. గుడి పక్కనే చిన్న బడి. దానికి ఈ ఏడాది రెండు వందల ఏళ్లు నిండుతున్నాయి. బడి చరిత్ర మీద పుస్తకం వెయ్యాలన్నారు. రాసే ఓపిక ఎవరికీ లేక, కొత్తగా వచ్చినవాడు కాదనలేడని నా నెత్తిన పెట్టారు. ఇప్పుడు విశాఖపట్నం వాడు ఇంగ్లాండ్ పల్లె బడి చరిత్ర రాస్తున్నాడు.

చదువుతుంటే భలేగా ఉందక్కా. మనమేమో వీళ్లు పుట్టగానే ఇంగ్లీషు గ్రామర్ పట్టుకుని పుట్టారనుకున్నాం. ఈ ఊళ్లో మొదటి బడి ఒక విధవరాలి వంటిల్లు. ఆమె ఊలు అల్లుకుంటూ కూర్చునేది, పిల్లలు చుట్టూ నేలమీద. వారానికి ఒకటి రెండు పెన్నీలు ఫీజు. పిల్లలు బావిలో పడకుండా చూడటమే అసలు పని, చదువు పైన కొసరు. చెక్కకి అక్షరాల కాగితం అంటించి, పైన పల్చటి కొమ్ము రేకు బిగించి పిడి పెట్టి ఇచ్చేవాళ్లు. అది వాళ్ల పలక. మగపిల్లలు దాంతో బంతాట ఆడేవాళ్లట. ఇలాంటి ముసలమ్మ బళ్లు దేశమంతా ఉండేవి.

తర్వాత ఆదివారం బళ్లు వచ్చాయి. అక్కడ ఒక విచిత్రం. చదవడం నేర్పేవాళ్లు గానీ చాలాచోట్ల రాయడం నేర్పేవాళ్లు కాదు. కూలివాళ్ల పిల్లలు బైబిల్ చదువుకుంటే చాలు, రాయడం వస్తే పొగరెక్కుతుంది, దొంగ ఉత్తరాలు పుట్టిస్తారు, పొలంలో పనికి వంగరు అని భూస్వాముల భయం. నా ఏడుగురిలో పెద్దావిడ మిసెస్ పెన్‌ఫోల్డ్‌కి తొంభై దాటాయి. వాళ్ల నాన్న గొర్రెల సంతలో వేలం పాటలు పాడించేవాడు. వాళ్ల ఇంట్లో ఒక ముత్తవ్వ కథ చెప్పుకుంటారు. ఆమె బైబిల్ గడగడా చదివేదట. పెళ్లినాడు గుడి రిజిస్టరులో మాత్రం సంతకం చేతకాక ఇంటూ గుర్తు పెట్టింది. మిసెస్ పెన్‌ఫోల్డ్ ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ కోపంగానే చెబుతుంది.

ఇక అసలు ముచ్చట. బడి గుమ్మం మీద రాతిలో ఏం చెక్కి ఉందో తెలుసా? 'మద్రాస్ స్కూల్, 1826'. ఎందుకలా ఉందో ఊళ్లో ఎవరికీ తెలియదు. తవ్వి తీశాను. అంతకుముందు మద్రాసులో అనాథ పిల్లల బడి చూసుకునే ఒక స్కాట్లాండ్ పాస్టరు, మనవాళ్ల వీధిబడిలో పిల్లలు ఇసకలో రాయడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి నేర్పడం చూశాడట. అది పట్టుకొచ్చి ఇక్కడ ప్రచారం చేశాడు. ఒక మేష్టరు, నూరుమంది పిల్లలు, ఖర్చు తక్కువ. చర్చివాళ్లకి తెగ నచ్చింది. అంటే వీళ్లకి బడి నడపడం నేర్పింది మనమే! నాకైతే ఆ రాయి చూసి ఛాతీ ఉప్పొంగింది.

పరీక్ష గురించి బెంగపెట్టుకోకు. పరీక్ష మంచిదే, అన్యాయంగా తాళం వేయడం కంటే మేలే కదా. నీ పిల్లలు సత్తా చూపిస్తారు.

నీ తమ్ముడు,
హెన్రీ

*

వన్ టౌన్, విశాఖపట్నం
ఏప్రిల్ 12

మహాఘనత వహించిన రెవరెండ్ హెన్రీ గారికి,

నిన్న ఈస్టర్ సామాన్ల లెక్క చూడటానికి కమిటీ కూర్చుంది. నేను టీ ఇస్తున్నాను. సుందర్ రాజ్ గారు సందర్భం లేకుండా, "పరీక్ష సంగతి మీ తమ్ముడు గారు చెప్పిందేనండి. ఇంగ్లాండ్‌లో పూర్వం ఇలాగే చేసేవారని చక్కగా రాశారండి" అన్నాడు. నా చేతిలో ట్రే ఉంది కాబట్టి సరిపోయింది.

ఇన్‌స్పెక్షన్ అన్న ముక్క ఆయనకి అందించింది నువ్వన్నమాట. నాకు ధైర్యం చెబుతూ ఉత్తరం రాసిన చేత్తోనే! ఆ రోజు పరీక్ష మంచిదే అని ఎందుకు రాశావో ఇప్పుడు అర్థమైంది. అమ్మ బతికుంటే నీ చెవి ఇంగ్లాండ్ నుంచి ఇక్కడికి సాగేది.

నీ రాయి సంగతి కూడా తేలుద్దాం. మనం ఇసకలో ఎందుకు రాసుకున్నామో ఆ పాస్టరు అడిగాడా? పలకలు కొనే గతి లేక. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి ఎందుకు చెప్పారు? పంతులు ఒక్కడు, పిల్లలు బోలెడు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను, బీచ్ నుంచి గోనెసంచితో ఇసక తెచ్చి స్టీలు పళ్లేలలో పోసి. మన లేమిని పట్టుకెళ్లి వాళ్లు పద్ధతి అని పేరు పెట్టారు. నువ్వు ఛాతీ ఉప్పొంగించుకున్నావు. కాస్త దించుకో.

ఇంకోటి విను. హాలు వెనక బాత్రూములో నీళ్లు రావడం లేదని హరిచందన సొంతంగా కమిటీకి అర్జీ రాసింది. ఎంత ముచ్చటగా రాసిందనుకున్నావు! 'మేము కూడా మనుషులమే' అని కింద గీత గీసింది. సుందర్ రాజ్ గారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "చదవడం నేర్పండి మేడమ్ గారూ, దేవుడి వాక్యం చదువుకుంటారు. రాయడం దేనికండీ? ఇదిగో, ఇలా తయారవుతారు" అన్నాడు. మీ భూస్వాములు చచ్చిపోలేదు రెవరెండ్ గారూ. ఒకాయన కోటు వేసుకుని మా ఊరు వచ్చేశాడు.

నీకు క్షమాపణ చెప్పే ఉద్దేశం ఉంటే ప్రసంగం రాయకు. నీ చరిత్రలో నాకు పనికొచ్చేది ఏదైనా ఉంటే రాయి. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు అక్కడి పంతుళ్లు ఏం చేసేవాళ్లు? ఏ తిప్పలు పడేవాళ్లు? అది చెప్పు.

ఇట్లు,
మిసెస్ ప్రేమలీల, రిటైర్డ్ టీచర్

*

థార్న్‌వెల్, ఇంగ్లాండ్
మే 2

అక్కా,

తప్పు నాదే. జనవరిలో సుందర్ రాజ్ గారు మెయిల్ పెట్టారు, హాలు మూసేయాలని ఉంది, పాత పాస్టరుగా మీ మాటేమిటని. వద్దని గట్టిగా రాయాల్సింది. నాకు అప్పుడు ఈ పుస్తకం తలకెక్కి ఉంది. పరీక్ష పెట్టి చూడండి, పిల్లలు నెగ్గుతారు అని తెలివిగా రాశాననుకున్నాను. ఆయన తాళం మాట వదిలి పరీక్ష మాట పట్టుకున్నాడు. నీకు ముందే చెప్పి ఉండాల్సింది. నీ నోటికి భయపడ్డాను. ఈ వయసులో కూడా భయమే.

ప్రసంగం అయిపోయింది. ఇప్పుడు అడిగినది.

1862 నుంచి ఇక్కడ ఒక రూలు నడిచింది. బడికి సర్కారు డబ్బు పిల్లల హాజరును బట్టి, ఇన్‌స్పెక్టరు ముందు చదివి, రాసి, లెక్క చేసినదాన్ని బట్టి. పిల్ల తప్పితే ఆ మేరకు డబ్బు కోత. దాంతో పంతుళ్లు ఏమేం చేశారో చూడు. సంవత్సరమంతా ఒక్కటే వాచకం బట్టీ పట్టించేవాళ్లు. పిల్లాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా చదివేసేవాడట. జ్వరంతో పడున్న పిల్లల్ని దుప్పట్లో చుట్టి తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టేవాళ్లట. ఇంకో ఉపాయం మిసెస్ పెన్‌ఫోల్డ్ చెప్పింది, నిజమో కాదో దేవుడికి తెలియాలి. ఇన్‌స్పెక్టరు ప్రశ్న అడగగానే అందరూ చెయ్యి ఎత్తాలి. జవాబు వచ్చినవాడు కుడిచెయ్యి, రానివాడు ఎడమచెయ్యి. మేష్టరు కుడిచెయ్యి ఎత్తినవాళ్లని మాత్రమే లేపి జవాబు చెప్పిస్తాడు. ఇన్‌స్పెక్టరు కళ్లకి బడంతా బృహస్పతులే.

ఇవి చెప్పడం పాస్టరుగా నాకు తగదు. తమ్ముడిగా చెబుతున్నాను.

ఒక హెచ్చరిక కూడా. ఇన్‌స్పెక్టరు సరిగ్గా గడ్డికోతల రోజుల్లో దిగేవాడు. పిల్లలంతా పొలాల్లో. కోతలకి, బంగాళాదుంపలు ఏరడానికి, పక్షుల్ని తోలడానికి బడి మాన్పించడం ఈ ఊళ్లో మామూలు. జూన్ మూడో శనివారం మీ దగ్గర ఏమిటో ఒకసారి చూసుకో.

నువ్వు చెవి మెలితిప్పిన
హెన్రీ

*

వన్ టౌన్, విశాఖపట్నం
జూన్ 4

ఒరే హెన్రీ,

'ఒరే' అన్నాను, గమనించావు కదా. ఇంకా పూర్తిగా క్షమించలేదు.

నీ హెచ్చరిక చదివి క్యాలెండరు తీశాను. చేపల వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. రెండు నెలలు ఒడ్డున కట్టేసి ఉన్న బోట్లు ఒక్కసారి వేటకి వెళ్తాయి. మూడో శనివారానికి మొదటి సరుకు వస్తుంది. రెండు నెలలుగా డబ్బు మొహం చూడని ఇళ్లు. ఆ పొద్దున హార్బర్ కాలనీలో ఏ పిల్లా ఇంట్లో ఉండదు, ఐసు మోయడానికో, తట్టల దగ్గర కాపలాకో పోతుంది. మార్చమని సుందర్ రాజ్ గారిని అడిగాను. "తీర్మానం అయిపోయిందండి" అన్నాడు. ఆయన గోదావరి మనిషి కదా, చేపని పళ్లెంలో తప్ప చూసి ఎరగడు. కావాలని చేశాడని నేను అనను. తెలియక చేశాడు. తెలియనివాడితోనే ఎక్కువ కష్టం.

పిల్లలతో నీ ఉపాయాలు సాధన చేయిస్తున్నాను. బట్టీ బాగా ఎక్కింది. చింటూ రెండో పాఠం నిద్రలో కూడా చెబుతాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉంది. హార్బర్ పిల్లలకి చెయ్యి ఎత్తడమంటే వేలం పాట పాడటమే. కుడా ఎడమా అని చూసే అలవాటు లేదు. పైగా హరిచందన నా మొహం చూసి అడిగింది, "టీచర్, నాకు నిజంగా వచ్చు గదా, మరి నానెందుకు దొంగాట ఆడాల?" అని. నువ్వు ఆడక్కర్లేదు, వచ్చింది రాయి చాలు అన్నాను.

ప్రార్థన చేస్తే ఇప్పుడు గట్టిగా చెయ్యి.

అక్క

*

వన్ టౌన్, విశాఖపట్నం
జూన్ 22

ఒరే నాయనా,

కూర్చుని చదువు. టీ పక్కన పెట్టుకో. నవ్వితే ఒలుకుతుంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి సుందర్ రాజ్ గారు కోటు, పాలిష్ బూట్లు, చంకలో ఫైలుతో హాలుకి వచ్చారు. హాల్లో నేను, ఇసక పళ్లేలు, ఒక పిల్లి ఉన్నాం.

"ఒక్కళ్లూ లేరేంటండీ? హాజరు సున్నా అని రాసేసుకుంటానండి" అని పెన్ను తీశాడు.

"పరీక్ష పిల్లలకా, హాలుకా?" అన్నాను.

"పిల్లలకేనండి."

"అయితే పిల్లలున్న చోటికి పదండి."

ఎందుకు వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. మొహమాటస్థుడేమో. హార్బర్‌లోకి తీసుకెళ్లాను. బోట్లన్నీ వచ్చి ఉన్నాయి. ఎక్కడ చూసినా ఐసు, తట్టలు, కేకలు. ఆయన బూట్లలోకి చేపల నీళ్లు వెళ్లాయి. పోతమ్మ సిమెంటు నేల మీద కానాగంత చేపల గుట్ట పోయించుకుని పాట పాడిస్తోంది. ఆ పక్కనే గోడవార నా పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి నిలబెట్టాను. చేతులనిండా పొలుసులు, మొహాలనిండా చెమట. అయినా వచ్చారు. అది చూసి అక్కడే కళ్లు చెమర్చాయి నాకు.

ముందు చింటూని చదవమన్నాడు. వాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని రెండో పాఠం గడగడా చెప్పేశాడు. సుందర్ రాజ్ గారు పుస్తకం తిప్పి సరిగ్గా పెట్టారు. వాడు ఆగలేదు. ఆయన తొమ్మిదో పాఠం తీసి చూపించారు. వాడు అక్కడ కూడా రెండో పాఠమే చదివాడు, అదే రాగంతో. నీ ఇంగ్లాండ్ విద్య అంతటితో అయిపోయింది.

తర్వాత లెక్క. ఆ గోలలో గొంతు చించుకుని, "ఏడు ఎనిమిదులు ఎంత?" అని అరిచాడు. ఆ చోట, ఆ గోలలో, అంకె అడిగితే హార్బర్ పిల్లలకి ఏమవుతుందో నేను ముందే ఊహించాల్సింది.

"యాభై!" అని ఒకడు.

"యాభై రెండు!" అని ఇంకోడు.

"యాభై ఆరు!" అంది హరిచందన.

అక్కడ ఆగాలి కదా? యాభై ఆరుకి ఎవరు వదిలేస్తారు? "అరవై!" అన్నాడు చింటూ. "అరవై రెండు!" అని ఆ చివర్నుంచి కేక. అందరి చేతులూ లేచాయి, కుడీ ఎడమా అన్నీ. డెబ్బై దాటిపోయింది. నేను "ఒరే ఆగండ్రా" అంటూనే ఉన్నాను. సుందర్ రాజ్ గారికి ఒళ్లు మండిపోయి, రెండు చేతులూ పైకెత్తి, "ఆపండి! ఆపండి!" అని అరిచాడు.

ఆయన వెనక పోతమ్మ పాట జరుగుతోందని చెప్పాను కదా. కోటు వేసుకున్న పెద్దమనిషి రెండు చేతులు ఎత్తడం ఆమె చూసింది.

"మూడోసారి! కోటు బావుకే!" అని కేక పెట్టి గుట్ట మీద చెయ్యి కొట్టేసింది.

అంత గుట్ట కానాగంతలు సుందర్ రాజ్ గారివి అయిపోయాయి. ఆయన ఇల్లు నిండిపోను, వీధిలో వాళ్లందరికీ పంచినా మిగిలేటన్ని.

"నేను పాడలేదండీ, పిల్లల్ని ఆపమన్నానండీ" అన్నాడు.

"ఏటి సారూ, రెండు సేతులూ ఎత్తేసి ఇప్పుడు పాడ్నేదంతారేటి? ఇక్కడ సెయ్యెత్తితే పాటే. నాను ఎత్తినా పాటే, మీరెత్తినా పాటే. ఎనక్కెల్తే మా మాటకి ఇలవేటి ఉంతాది?"

చుట్టూ ఆడవాళ్లు చేరిపోయారు. ఐసు కరుగుతోందని ఒకామె, ఎండెక్కుతోందని ఒకామె. అక్కడి ఆనవాయితీ నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. పాట పాడినవాడికి సరుకు వద్దనుకుంటే ఒక దారి ఉంది. వద్దని చీటీ రాయించి, నలుగురి ముందు సంతకం పెట్టాలి. అప్పుడు ముందు పాడినవాళ్లకి ఇచ్చేస్తారు. పోతమ్మ ఆ మాటే చెప్పింది.

"అయితే రాయండి, రాయండి" అన్నాడు పాపం.

"సీటీ రాసీవోలెవులే?" అని పోతమ్మ అరిచింది. నా పిల్లలు సగానికి పైగా చేతులెత్తారు. ఈసారి అన్నీ కుడిచేతులే. ఒరే హెన్రీ, ఆ చేతులు లెక్కపెట్టుకుంటే ఆయన పరీక్ష అక్కడే అయిపోయేది. ఆయన బూట్లలో నీళ్లు దులుపుకుంటున్నాడు.

హరిచందన ఐసు ఫ్యాక్టరీ బిల్లు వెనక రాసింది. రాసి నా దగ్గరికి తెచ్చింది. చదివాను. నేను ఒక్క మాట చెప్పి రాయించలేదని దేవుడి మీద ప్రమాణం చేస్తాను. ఒకచోట దీర్ఘం తప్పింది, అది దిద్దాను. టీచర్ని కదా, మిగతాది నా పని కాదు. ఆమె తీసుకెళ్లి ఆయనకి ఇచ్చింది. ఫోను మోగుతోంది, కళ్లజోడు మీద చేపల నీళ్లు, చుట్టూ పోతమ్మ సైన్యం. ఆయన గబగబా సంతకం గీసేశాడు. పిల్లలకి చదవడం వచ్చో లేదో చూడటానికి వచ్చిన మనిషి చదవకుండా సంతకం పెట్టాడు. నకలు ఒకటి రాసి, దాని మీద కూడా సంతకం పెట్టించి ఆయన జేబులో పెట్టింది పిల్ల.

నిన్న ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పిల్లలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. తాళం చెవి నా కొంగుకి కట్టుకుని వెళ్లాను, ఇచ్చేయడానికే. సుందర్ రాజ్ గారు లేచి, పిల్లలు హాల్లో లేరని, ఏడు ఎనిమిదులు డెబ్బై దాటాయని, చేపల గోలలో పరీక్ష సాగలేదని చెప్పారు. చేపలేమిటని పాస్టరుగారు అడిగారు. "ఇదిగోండి, సాక్ష్యం" అని జేబులోంచి చీటీ తీసి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా చదివాడు.

"నేను చెయ్యెత్తి పాడిన కానాగంతలు నాకు వద్దు. పోతమ్మ గారు దయతో వెనక్కి తీసుకున్నారు. అందుకు బదులుగా హార్బర్ హాలు ఇంకో ఏడాది బడి పిల్లలకే..."

అక్కడ ఆగిపోయాడు. కమిటీ అంతా ఆయన మొహమే చూస్తోంది. "పూర్తిగా చదవండి" అన్నారు పాస్టరుగారు.

"...బడి పిల్లలకే ఉంటుంది. బాత్రూముకి నీళ్లు కూడా వస్తాయి. ఇట్లు, సుందర్ రాజ్."

పాస్టరుగారే ముందు నవ్వారు. తర్వాత ఎవరూ ఆగలేదు. నేను మాత్రం నవ్వలేదు. అది చెల్లదని, చింపి అవతల పారేస్తాడని అనుకున్నాను. పారేసినా అడిగే హక్కు నాకు లేదు.

"ఇది రాసింది ఎవరండీ?" అన్నాడు.

హరిచందన ముందుకి వచ్చింది. ఆయన చీటీ ఆమెకిచ్చి చదవమన్నాడు. ఎక్కడా ఆగకుండా చదివింది. 'బాత్రూముకి నీళ్లు' దగ్గర గొంతు ఇంకొంచెం పెంచింది కూడా. ఆయన కోటు విప్పి కుర్చీకి వేసుకున్నాడు. అలా కోటు విప్పగా నేను ఎప్పుడూ చూడలేదు.

"సంతకం నాదేనండి. కాదనను" అన్నాడు. "నేను కూడా చదవకుండా పెట్టేశానండి. ఇందులో ఫెయిలయ్యింది నేనేనండి."

తాళం చెవి ఇంకా నా కొంగుకే ఉందిరా. ఇంటికొచ్చి గడియ వేసుకుని ఏడ్చాను. బుధవారం ఆయనే వచ్చి ఎక్కాలు చెబుతానన్నాడు. రానీ. యాభై ఆరు దగ్గర ఆపడం నేర్పితే సంతోషమే.

మీ భూస్వాములు రాయడం నేర్పొద్దని ఎందుకన్నారో నాకిప్పుడు బాగా తెలిసింది. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు.

నిన్ను క్షమించాను. పూర్తిగా.

అక్క

*

థార్న్‌వెల్, ఇంగ్లాండ్
జూలై 8

అక్కా,

నువ్వు చెప్పినట్టే టీ ఒలికింది.

నీ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి ఆదివారం ఆరాధన అయ్యాక ఏడుగురికీ చదివి వినిపించాను. కుక్క కూడా విన్నది. కానాగంతలంటే ఏమిటో చెప్పడానికే సగం టైం పట్టింది. సుందర్ రాజ్ గారి కోటు దగ్గర నవ్వారు, చేతుల దగ్గర నవ్వారు. మిసెస్ పెన్‌ఫోల్డ్ మాత్రం నవ్వలేదు. పిల్ల ఏం రాసిందో ఆ చీటీ ఒక్కటి మళ్లీ చదవమంది.

చదివాను. హాలు ఇంకో ఏడాది బడి పిల్లలకే ఉంటుంది.

"మళ్లీ" అంది. చదివాను.

ఇంకోసారి చదవమంది. మూడోసారి పూర్తికాగానే తొంభై ఏళ్లు దాటిన ఆ చెయ్యి పైకెత్తి, సంతలో పాట ముగించేటప్పుడు వాళ్ల నాన్న కొట్టేవాడట, అలా బల్ల మీద గట్టిగా కొట్టింది. బల్ల మీద కప్పులన్నీ అదిరాయి. తర్వాత తన సంచిలోంచి పెన్ను తీసి, మా పుస్తకానికి మొదటి పేజీలో ముత్తవ్వ పేరు రాయమంది. నేను రాయబోతుంటే పెన్ను లాక్కుని తనే రాసింది, పూర్తి పేరు, ఒక్క అక్షరం వదలకుండా.

నీ తమ్ముడు,
హెన్రీ